ఊదుబత్తి పుల్ల బరువు

ఒక ఊదుబత్తి పుల్ల ఎంత బరువుంటుంది? కాలిపోగా మిగిలిన మొదలు, వేలెడు కూడా ఉండదు. దాన్ని నేను పదిహేనేళ్లకు పైగా మోస్తున్నాను. నా భార్యకు తెలియదు. స్నేహితులకు తెలియదు. తెలియవలసిన ఒక్క మనిషికి అసలే తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యమధ్య ఆగుతాను. అబద్ధం వెతుక్కోవడానికి ఆగుతున్నానని మాత్రం అనుకోకండి. ఆ పని ఇన్నేళ్లూ చేశాను, విసుగొచ్చింది.

నాది మదనపల్లె. కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. కానీ నా చేతికి పని నేర్పింది మదనపల్లె కాదు, పుంగనూరు. తొంభైల్లో నేను డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చుంటే, మా నాయన నన్ను తీసుకెళ్లి పుంగనూరులో దస్తగిరి అనే మెకానిక్కు అప్పజెప్పాడు. రేడియోలు, టీవీలు, ఇళ్లకు కరెంటు వైరింగు, అన్నీ ఆయనే. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. దస్తగిరన్నా అని పిలిచేవాణ్ని. రెండేళ్లు ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని టంకం పెట్టడం నేర్చుకున్నాను. ఆయనకొక పద్ధతి ఉండేది. పని ముగిశాక మీటరు పెట్టి ఒకసారి చూసేవాడు. ఒకే ఒకసారి. నేను రెండోసారి చూడబోతే చెయ్యి పట్టుకుని ఆపేవాడు.

"ఒకసారి సూస్తే సాలప్పా. రెండోసారి సూసినావంటే నీ చెయ్యి మీద నీకే నమ్మకం లేదని."

ఈ మాట గుర్తుంచుకోండి. నాకు మళ్లీ దీని దగ్గరికి రావలసిన పని ఉంది.

తర్వాత నేను బెంగళూరు వెళ్లి ఆరు నెలలు నెట్‌వర్కింగు కోర్సు చేశాను. ఆరు నెలల చదువుకు ఆరేళ్ల గర్వం వచ్చింది. తిరిగొచ్చి మదనపల్లెలో షాపు పెట్టాను. దస్తగిరన్న ఏమీ అనుకోలేదు. పైగా ఎవరింట్లో వైరింగుకు వెళ్లినా, కంప్యూటరు కనబడితే నా పేరు చెప్పేవాడు. కుప్పం పని కూడా అలా వచ్చిందే. ఆయనే ఇప్పించాడు. ఇది చెప్పకుండా దాటేయవచ్చు. దాటేస్తే నా తప్పు కాస్త చిన్నదిగా కనబడుతుంది. అందుకే చెబుతున్నాను.

కుప్పంలో నారాయణప్ప అని గ్రానైటు వ్యాపారి. పాత రాతి ఇల్లు, జానెడు పైన మందం గోడలు. ఆయన తండ్రి తుంటి ఎముక విరిగి వెనక గదిలో మంచం మీద ఉండేవాడు. పెద్దాయన ఒకప్పుడు భారతంలో దుర్యోధనుడి వేషగాడు. మా వైపు ఎండాకాలం వస్తే ఊళ్లలో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది, పగలు హరికథ, రాత్రి నాటకం. బైరెడ్డిపల్లె చుట్టుపక్కల ఏ ఊళ్లో భారతం పెట్టినా దుర్యోధనుడికి ఈయన్నే పిలిచేవారట. ఆ నాటకాలు ఎవరో వీడియో క్యాసెట్ల మీద తీసి పెడితే, నారాయణప్ప వాటన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించాడు. కంప్యూటరు ముందు హాల్లో ఉంది. టీవీ వెనక గదిలో, తండ్రి మంచానికి ఎదురుగా ఉంది. హాల్లో ఉన్నది వెనక గదిలో కనబడాలి. అదీ పని.

అప్పుడే వైర్‌లెస్ రౌటర్లు మా ఊళ్లకు కొత్తగా వస్తున్నాయి. రెండు వేల ఎనిమిదో, తొమ్మిదో. గోడకు ఒక బెజ్జం వేసి వైరు లాగితే అయిపోయే పనికి, వైరు అవసరం లేదన్నాను నేను. రౌటరు హాల్లో పెట్టాను, వెనక గదిలో టీవీకి చిన్న పెట్టె ఒకటి తగిలించాను. బొమ్మ రాలేదు. రాయిని దాటి సిగ్నలు పోవడం లేదు. రెండు రోజులు ఆ ఇంట్లో రౌటరును చంకన పెట్టుకుని తిరిగాను, పిల్లి తన పిల్లల్ని తిప్పినట్టు. మూడో రోజు దస్తగిరన్న వచ్చి, నడిమి గోడలో పైకప్పు దగ్గర ఉన్న వెంటిలేటరు చూపించాడు. గాలి పోయే దోవలో ఇది కూడా పోతుందేమో చూడమన్నాడు. అంత ఎత్తుకు కరెంటు కావాలి కదా, ఆయనే అక్కడికి ఒక లైను లాగి ప్లగ్గు పెట్టాడు. మీటరుతో ఒకసారి చూశాడు. నేను వెంటిలేటరు ఎదుట, వైర్లు గుచ్చే అంచు పైకి వచ్చేట్టు రౌటరును గోడకు బిగించాను.

బొమ్మ వచ్చింది. మంచం మీది పెద్దాయన, కిరీటం పెట్టుకున్న తనను తాను చూసి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. నారాయణప్ప కళ్లు తుడుచుకున్నాడు. ఉపాయం ఎవరిదని ఆయన అడిగినప్పుడు, నేను ఊరికే నవ్వాను. అసలు తప్పు అక్కడే మొదలైందేమో. ఇప్పుడు అలా అనిపిస్తుంది.

నెల తర్వాత ఆయుధ పూజ వచ్చింది. మా వైపు ఆ రోజు లారీకైనా, కుట్టు మిషనుకైనా, తక్కెడకైనా విభూతి పూసి కుంకుమ పెట్టాల్సిందే. సాయిబైనా దస్తగిరన్న కూడా ఏటా తన షాపులో పనిముట్లన్నీ తుడిచి వరసగా పెట్టి, బొరుగులూ అరటిపండ్లూ తెచ్చి, పూజ మాత్రం పని నేర్చుకునే మా చేత చేయించేవాడు. ఆ సంవత్సరం నారాయణప్ప మమ్మల్నిద్దర్నీ రమ్మన్నాడు. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పూజ అయ్యాక పనివాళ్లకు తాంబూలం ఇస్తారు. తాంబూలం చేతిలో పడిందంటే రాబోయే ఏడాది పని వాళ్లదే అని అర్థం. శాంతిపురం దగ్గర ఆయన రాళ్లు పాలిషు పట్టే ఫ్యాక్టరీ కడుతున్నాడు. దాని వైరింగు మొత్తం దస్తగిరన్నకే అని ముందే నోటిమాటగా చెప్పాడు. ఆ రోజు తాంబూలంతో ఖాయం కావాలి. దస్తగిరన్న చేతికి అంతకు ముందెన్నడూ అంత పెద్ద పని రాలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

పూజ తర్వాత వచ్చినవాళ్లందరికీ పెద్దాయన నాటకం చూపించాలని ఏర్పాటు. వెనక గదిలో చాపలు పరిచారు. ఈలోగా నారాయణప్ప భార్య, పైన గోడకున్న దానికి కూడా పూజ చేయమని పళ్లెం నా చేతికిచ్చింది. స్టూలెక్కాను. విభూతి పెట్టాను, కుంకుమ పెట్టాను. ఊదుబత్తి ఎక్కడ గుచ్చాలి? అరటిపండు ఉంటే దానికి గుచ్చేవాణ్ని. గోడలో సందు ఉన్నా సరిపోయేది. చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన పని, కళ్లు చూడకుండానే వేళ్లు సందు వెతుక్కుంటాయి. రౌటరు పై అంచున, సరిగ్గా పుల్ల పట్టేంత చిన్న రంధ్రం కనబడింది. గుచ్చాను. నిటారుగా నిలబడింది. ఎంత బాగా కుదిరిందో అని మనసులో మెచ్చుకున్నాను కూడా.

అది రీసెట్ రంధ్రం. లోపల ఒక మీట ఉంటుంది. పది సెకన్లు అదిమి పట్టుకుంటే రౌటరు అంతా మరచిపోతుంది. పేరు, పాస్‌వర్డు, నేను పెట్టినవన్నీ. ఊదుబత్తి మొదలుదాకా కాలింది, అంతసేపూ పుల్ల ఆ మీటను అదిమే ఉంది. ఈ సంగతి ఆ ఇంట్లో తెలిసినవాడు ఎవడు? నేనొక్కణ్నే. తెలియనివాడు చేస్తే అమాయకత్వం. ఆరు నెలల కోర్సు చేసినవాడు చేస్తే?

అందరూ చాపల మీద కూర్చున్నారు. బొమ్మ రాలేదు. పెద్దాయన టీవీ వైపే చూస్తూ ఉన్నాడు. నేను మళ్లీ స్టూలెక్కాను. పుల్ల మొదలు రంధ్రంలో అలాగే ఉంది. చూసిన మరుక్షణం అర్థమైంది. పుల్ల లాగి చొక్కా జేబులో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నాను? కింద పడేసినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. దాచాలని చేతికి ముందే తెలిసినట్టుంది. మనసు తర్వాత వచ్చి చేరింది.

కింది నుంచి నారాయణప్ప అడిగాడు. "ఏమైందప్పా?"

నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? నవ్వేవారు. ఏడాది పాటు కుప్పంలో చెప్పుకుని నవ్వేవారు. అంతే. ఇంజినీరు గారు యంత్రానికి ఊదుబత్తి గుచ్చాడు అనేవారు. ఆ నవ్వుకు భయపడ్డాను. నిజంగా అంతే. అంతకంటే పెద్ద కారణం దొరుకుతుందేమోనని ఏళ్ల తరబడి వెతికాను. దొరకలేదు.

కళ్ల ముందు దస్తగిరన్న లాగిన లైను కనబడింది. "కరెంటు లైనులో తప్పుండాది సార్. ఓల్టేజి ఎగిరి లోపలుండేదంతా సెరిగిపోయింది" అన్నాను.

చాపల మీద కూర్చున్నవాళ్లలో ఎవరో, పూజ పూట ఎవురి చెయ్యి తగిలిందో ఏమో అని గొణిగారు. నాకు వినబడింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడిన దస్తగిరన్నకూ వినబడింది. నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు కూడా తడుముకోలేదు. అంత నిబ్బరంగా ఉన్నాను. కంప్యూటరు ముందు కూర్చుని గంటలో అంతా తిరిగి సరిచేశాను. అప్పటికి చుట్టాలు వెళ్లిపోయారు. పోతూ పోతూ ఇంకో మాట కూడా అన్నాను, ఆ లైను తీసి వేరేవాళ్లతో వేయించుకోండి, లేకపోతే మళ్లీ ఇలాగే అవుతుందని. మొదటి అబద్ధం భయంతో ఆడాను. ఈ రెండోది దేనితో ఆడాను?

ఆ రోజు తాంబూలం నాకిచ్చారు. రెండో తాంబూలం పళ్లెంలోనే ఉండిపోయింది.

బస్టాండుకు ఇద్దరం నడిచే వెళ్లాం. పలమనేరు బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆయన అడిగాడు.

"లైను మీటరు పెట్టి సూసినావా?"

"సూసినాన్నా."

"యాడుండాది తప్పు?"

"ప్లగ్గు కాడ. అప్పుడప్పుడు ఎగరతాండాది."

ఆయన తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. "నేను సూసినప్పుడు సరిగ్గానే ఉండె" అన్నాడు. చెయ్యి దించి, "సరేలేప్పా. నువ్వు సదువుకున్నోడివి. నీకు తెలీకుండా ఉంటాదా" అన్నాడు.

వెటకారం కాదు. నమ్మాడు. పుల్ల నా జేబులోనే ఉంది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

శాంతిపురం ఫ్యాక్టరీ పని ఇంకెవరికో వెళ్లింది. కుప్పంలో ఆయన్ను పిలవడం మానేశారు. ఆ మాట పలమనేరు దాకా పాకింది, తర్వాత పుంగనూరుకూ వచ్చింది. ఆయన వైరింగు పనులు వదిలేసి మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు బాగుచేసుకుంటూ షాపులోనే ఉండిపోయాడు. పెద్దాయన ఇంకో రెండేళ్లు తన నాటకం చూసుకుని పోయాడు. ఆ రౌటరు ఏనాడూ మళ్లీ చెడలేదు. కొత్త లైను వల్లే అని నారాయణప్ప నన్ను పదిమందిలో మెచ్చుకున్నాడు. నేను తల దించుకున్నాను. వినయం అనుకున్నారు.

ఇవన్నీ పనులకు సంబంధించిన నష్టాలు. వీటితోనే అయిపోయి ఉంటే, నేను ఎలాగో ఒకలా మరచిపోయి ఉండేవాణ్నేమో. మనిషి చాలా మరచిపోగలడు. కానీ కొన్నేళ్ల కిందట పుంగనూరు వెళ్లినప్పుడు, షాపులో ఆయన్ను చూశాను. ఎవరో ఆడమనిషి ఇస్త్రీ పెట్టె తెచ్చింది. బాగుచేశాడు. మీటరు పెట్టి చూశాడు. మూత బిగించాడు. మళ్లీ విప్పి చూశాడు. ఆమె సంచిలో వేసుకుంటుంటే, ఒక్క నిమిషం తల్లీ అని వెనక్కి తీసుకుని మూడోసారి చూశాడు.

పోయిన పనినైతే తిరిగి సంపాదించుకోవచ్చు. ఆయన చేతి మీద ఆయనకున్న నమ్మకాన్ని నేను తీసేశాను. దాన్ని ఎక్కడ నుంచి తెచ్చి ఇవ్వాలి?

టీ తెప్పించాడు. తాగుతూ, ఎవరి గురించో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "ఆ కుప్పం లైన్లో నేను యాడ తప్పు సేసినానో ఇప్పుటికీ తెలీలేదప్పా. మనసులో ఎన్నోసార్లు లాగి సూసినా ఆ వైరును." నోట్లో మాట ఉంది. చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదని కూడా తెలుసు. గ్లాసు కింద పెట్టి, బస్సుకు టైమైందన్నాను. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడికీ నాకూ తేడా ఏముంది? పుంగనూరు నుంచి మదనపల్లెకు బస్సులకు కొరతా?

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటారా? మొన్న ఆయుధ పూజకు షాపులో పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. ఊదుబత్తి చేతిలో ఉంది. గుచ్చడానికి ఎన్నో చోట్లు ఉన్నాయి. చెయ్యి కదల్లేదు. అది చివరిదాకా కాలేంతవరకూ అలాగే పట్టుకుని నిలబడ్డాను. మా ఆవిడ నా భక్తి చూసి ఆశ్చర్యపోయింది.

నేను క్షమించమని అడగడం లేదు. ఆయన్ను అడిగితే క్షమిస్తాడు, ఆ సంగతి నాకు బాగా తెలుసు, అందుకే అడగకూడదనిపిస్తుంది. అప్పనంగా దాన్ని కూడా ఆయన దగ్గరే తీసుకున్నట్టవుతుంది. ఆయనకు కావలసింది నా పశ్చాత్తాపం కాదు. ఆ వైరు సంగతి. ఈ కాగితం పట్టుకుని పుంగనూరు వెళతానా? తెలియదు. వెళతానని రాస్తే ఇంకో అబద్ధం కావచ్చు. కానీ ఒకచోట, ఒక మనిషి ముందు, మాట బయటపడింది. ఛాతీ మీద చిన్న పుల్లంత తేలికైంది. అంతకంటే తేలికపడే హక్కు నాకు లేదు.

ఆయనకు చెప్పవలసింది రెండు ముక్కలే. ఆయన భాషలోనే రాసి పెడుతున్నాను.

దస్తగిరన్నా, నీ లైన్లో తప్పు లేదు. నువ్వు ఒకసారి సూసినావే, అదే సరి.