చదివించని కాగితం

మస్తూరా ఆపా గురించి అడిగితే మా వీధిలో ఎవరైనా ముందు ఆవిడ చేసే కార్డుల గురించే చెబుతారు. సమర్‌ఖండ్ పాత బస్తీలో ఆవిడ కార్డు లేకుండా ఒక పెళ్లి గానీ, ఒక పురుటి విందు గానీ జరిగిందంటే అది ఆవిడ జ్వరంతో పడుకున్న వారమే అయ్యుంటుంది. నేను చెప్పబోయేది ఆ గొప్పలు కావు. ఆవిడ పక్కన పదకొండేళ్లు కూర్చుని పనిచేసిన హోసియత్ అనే మనిషి, అంటే నేను, ఆవిడకి చేసిన నిర్వాకం. చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇన్నాళ్లూ చెప్పనందుకు ఇంకా సిగ్గుగా ఉంది.

ఆపా బడిలో ముప్పై ఏళ్లు పిల్లలకి బొమ్మలు గీయడం నేర్పింది. ఉద్యోగం అయిపోయాక వీధి వైపు గదిలో బల్ల వేసుకుని ఈ పని మొదలుపెట్టింది. అదే ఏడాది నా మొగుడు పని కోసం రష్యా వెళ్లి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. నేను అప్పటికే నా నోటి దురుసుకి మూడు చోట్ల పని పోగొట్టుకుని ఉన్నాను. రొట్టెల దుకాణంలో అయితే యజమాని మీదే పిండి గిన్నె బోర్లించాను. అలాంటి దాన్ని పిలిచి, "కత్తెర పట్టుకోవడం వచ్చా?" అని అడిగింది ఆపా. వచ్చన్నాను. రాదు. ఓపిగ్గా అదీ నేర్పింది.

మల్బరీ బెరడుతో చేసిన కాగితం ఊరి చివర మిల్లు నుంచి తెచ్చుకుంటాం. దాన్ని టీ డికాక్షన్‌లో, ఉల్లిపొట్టు ఉడికించిన నీళ్లలో ముంచి, నీడన ఆరేసి, గవ్వతో గంటసేపు రుద్దితే నిన్నటి కాగితానికి నూరేళ్ల వయసు వస్తుంది. దాని మీద సోవియట్ కాలం నాటి గ్రీటింగ్ కార్డుల్లోంచి కత్తిరించిన పూలు, ఎవరో అమ్మమ్మ పట్టు గౌను ముక్క, ఎండబెట్టిన ఆప్రికాట్ పువ్వు అతికిస్తాం. ఆపా చేసిన పెట్టె విప్పితే అందులోంచి ఒక కాగితపు ఇల్లు లేచి నిలబడేది. ముసలమ్మలు దాన్ని చూసి అచ్చం మా పుట్టిల్లే అని ఏడ్చేవాళ్లు.

వీటన్నిటికంటే గిరాకీ ఉన్నది పాత లిపి రాసిన కాగితం తునకకి. మా తాతలు కుడి నుంచి ఎడమకి రాశారు. మా నాన్నల కాలానికి సర్కారు ఆ లిపి తీసేసి ఇంకోటి పెట్టింది, తర్వాత దాన్నీ తీసేసి రష్యా అక్షరాలు పెట్టింది, మా పిల్లలకి ఇప్పుడు మళ్లీ వేరేవి. ఒకే ఇంట్లో మూడు తరాలు ఉంటే ఒకరి ఉత్తరం ఒకరు చదవలేరు. అందుకని పాత ఇళ్లు పడగొట్టినప్పుడు కప్పుల్లోంచి, గోడల సందుల్లోంచి రాలే కాగితాలు మాకు చూడ్డానికి అందంగా ఉంటాయి, అంతే. ఏం రాసుందో దేవుడికే తెలియాలి.

ఆపాకి మాత్రం ఒక నియమం ఉండేది. పాత లిపి ఉన్న ఏ ముక్కా చదివించకుండా కత్తెర కింద పెట్టకూడదు. చదివేవాడు ఎనభై దాటిన ఫతుల్లా దొమ్లా, ఒకప్పుడు మసీదులో పిల్లలకి చదువు చెప్పిన పెద్దాయన. మోసుకెళ్లేదాన్ని నేను. అందులో దేవుడి పేరుంటే ఆయన తన దగ్గరే ఉంచుకుని మసీదు గోడ సందులో భద్రం చేసేవాడు. ఖర్బూజాల వ్యాపారి చిట్టా అయితే కత్తిరించుకోండి అనేవాడు. ఎవరిదో కష్టం రాసుంటే మాత్రం కత్తిరించవద్దని, పెట్టెలో దాచమని చెప్పి పంపేవాడు. ఆపా దగ్గర అలాంటివి పెట్టెడు ఉన్నాయి.

నాకు ఆ ముసలాయన గుమ్మం ఎక్కాలంటే ఒళ్లు మండేది. దానికి కారణం చెబితే మీరు నవ్వుతారు. వెళ్లిన ప్రతిసారీ కాగితం నా ముందే పెట్టి, ఒక్క మాట చదవమనేవాడు. "ఇది మీ తాత రాసిందేనేమో హోసియత్. ఆయన మనవరాలివేగా, ఒక్క అక్షరం చెప్పు చూద్దాం" అని నవ్వేవాడు. ఆయన సరదాకే అనేవాడు. నాకు మాత్రం ఎనిమిదో తరగతి తప్పిన రోజు గుర్తొచ్చి చెవులు వేడెక్కేవి.

ఆ వేసవిలో కరామత్ ఖాలా ఇంట్లో మనవడు పుట్టాడు. ఖాలా మా వీధి ఆడవాళ్లందరికీ పెద్దదిక్కు. ఎవరింట్లో ఏ కార్యం జరగాలన్నా ఆవిడ తల ఊపాలి. కొడుకు పెళ్లయిన తొమ్మిదేళ్లకి, కోడలు నాలుగుసార్లు కడుపు పోగొట్టుకున్నాక పుట్టిన బిడ్డ. ఉయ్యాలలో వేసే వేడుకకి ఊరు ఊరంతా రావాలని ఖాలా పట్టుదల. ఆపాని ప్రత్యేకంగా అడిగింది: కార్డు విప్పితే కాగితపు ఉయ్యాల లేచి ఊగాలి, దాని వెనక మన పెద్దలు రాసిన అక్షరాలు ఉండాలి.

ఆపా పన్నెండు రోజులు ఆ ఉయ్యాల మీదే కూర్చుంది. సూదిమొన అంత కొయ్యలు, గోరంత దిండు. వెనక వేయడానికి గోధుమరంగు తిరిగిన ఒక పాత కాగితం తీసి నా చేతికిచ్చి దొమ్లాకి చూపించి రమ్మంది. చిల్లా ఎండలు, అంటే మా దగ్గర నడివేసవిలో నలభై రోజులు నిప్పులు కురుస్తాయి. దొమ్లాకి కాలు వాచి మంచం దిగడం లేదని దారిలో ఎవరో అన్నారు. ఇంకేం, మంచి సాకు దొరికింది. కాలువ గట్టున కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టుకుని, ఒక ఖర్బూజా సగం తిని తిరిగొచ్చాను.

"చూశారా?" అంది ఆపా.

"చూశారు. ఏదో దీవెన పద్యమట" అన్నాను.

ఆ పద్యం నా నోట్లోంచి ఎలా ఊడిపడిందో నాకే తెలీదు. అబద్ధానికి ఒక పువ్వు కూడా తగిలించాను చూడండి, చదివారు అని ఊరుకోవచ్చుగా! కార్డు ఇవ్వడానికి ఖాలా ఇంటికి వెళ్లినప్పుడు అదే మాట ఆవిడకీ చెప్పాను. దొమ్లా గారే చదివి మెచ్చుకున్నారని ఇంకాస్త కలిపాను. ఖాలా మురిసిపోయి నా నోట్లో ఇంత హల్వా పెట్టింది.

వేడుక రోజు ముంగిలి నిండా జనం. మగవాళ్లు తిని వెళ్లాక ఆడవాళ్లు బిడ్డని ఉయ్యాలలో వేశారు, పై నుంచి మిఠాయిలు చల్లారు. నేను పొలావ్ పళ్లెం ముందు కూర్చున్నాను, ఆపా నా పక్కన. అప్పుడు చూశాను. కదలలేడన్న దొమ్లాని కారులో తీసుకొచ్చి, దీవించడానికని పరుపు మీద కూర్చోబెట్టారు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఖాలా కార్డు తీసుకెళ్లి ఆయన ముందు విప్పింది. కాగితపు ఉయ్యాల లేచి ఊగింది. ఆడవాళ్లు మాషా అల్లా అన్నారు.

"మీరు చదివిన ఆ దీవెనే దొమ్లా గారూ, అందరికీ వినపడేలా మళ్లీ చదవండి" అంది.

ఆయన ఏ దీవెన అన్నట్టు చూశాడు. అయినా పెద్దింటి ఆడమనిషి అడిగాక కాదనలేక భూతద్దం తీసి, కూడబలుక్కుంటూ పైకే చదవడం మొదలుపెట్టాడు. "తుర్సున్... కుమ్మరి హకీమ్ కొడుకు... ఆరు నెలలు... కఫన్ గుడ్డ రెండు మూరలు. రిస్కియా... నలభై రోజులు... కఫన్ గుడ్డ..." అక్కడ ఆయన భూతద్దం దించేశాడు.

అది కరువు ఏడాది ఈ వీధిలోనే చచ్చిపోయిన పసిబిడ్డలకి శవం చుట్టే గుడ్డ పంచిన జాబితా. తుర్సున్ అంటే ఉండిపోనీ అని అర్థం. బిడ్డలు దక్కని తల్లులు పెట్టుకునే పేరు. ఆ కోడలు ఒక్క కేక పెట్టి బిడ్డని ఉయ్యాలలోంచి లాక్కుని గదిలోకి పరిగెత్తింది. ఎవరో దిష్టికి ఇసిరిక్ ఆకు పొగ వేశారు. దొమ్లా కార్డు మూసి గుండెకి ఆనించుకుని నా వైపు చూశాడు. ఒక్కసారే చూశాడు. ఆపా కూడా చూసింది. ఆ ఇద్దరికీ అప్పుడే అర్థమైపోయింది.

నేను లేవాలి. నాదే తప్పని ఒక్క మాట అంటే సరిపోయేది. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. ఆపా లేచింది. అరవై రెండేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, నా భుజం పట్టుకునే లేచింది.

"తప్పు నాది ఖాలా" అంది. "చదివించకుండా అంటించాను. నన్ను క్షమించండి."

ఆపా ఆ జనం మధ్య నుంచి ఒక్కత్తే నడిచి వెళ్లిపోయింది. నేను వెంట వెళ్లలేదు. వెళ్తే అనుమానిస్తారని ఆగాను. పైగా పళ్లెం ఖాళీ చేశాను కూడా, మెతుకు వదిలితే ఎవరైనా చూస్తారేమోనని. ఆ ముద్దలు ఎలా దిగాయో ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు ఆపా ఆ సంగతే ఎత్తలేదు. అంతకంటే తిట్టినా బాగుండేది. రోజూలాగే నా గిన్నెలో టీ పోసింది, గవ్వ చేతికిచ్చింది. ఒక్కటే తేడా. పాత లిపి కాగితం వస్తే నాకివ్వకుండా తనే మోకాళ్లు ఈడ్చుకుంటూ దొమ్లా ఇంటికి వెళ్లొచ్చేది. ఆవిడ అలా కుంటుతూ గుమ్మం దిగుతుంటే నేను తల వంచుకుని కాగితం రుద్దేదాన్ని. చెప్పేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచానో! తెరిచి, జిగురు అయిపోయిందనో, కత్తెర మొద్దుబారిందనో ఏదో ఒకటి అనేదాన్ని.

వారం తిరిగేసరికి ఆ బిడ్డకి జ్వరం వచ్చి మూడు రోజుల్లో తగ్గింది. ఆ తర్వాత మా గుమ్మం ఎవరూ తొక్కలేదు. మాకు రావలసిన రెండు పెళ్లిళ్ల కార్డులు అచ్చు దుకాణానికి వెళ్లిపోయాయి. ఆడవాళ్లు దారిలో ఆపా కనిపిస్తే ఆగి, చేతులు పట్టుకుని, ఆరోగ్యం అడిగేవాళ్లు. గుమ్మం దాకా మాత్రం వచ్చేవాళ్లు కాదు. ఖాళీ బల్ల ముందు కూర్చుని ఆపా ఎవరికీ అక్కర్లేని పెట్టెలు చేసి అలమరలో పేర్చేది. ఆగస్టు పోయింది, సెప్టెంబరు పోయింది. ఆవిడ ముఖం పీక్కుపోయింది. ఆ చేతులకి పని లేకపోతే ఆవిడ బతకదని నాకు తెలుసు.

నేనేం చేశాను? తిట్టాను. రోజూ ఆపా ఎదురుగా కూర్చుని వీధిని దుమ్మెత్తిపోశాను. ఇన్నేళ్లు ఆవిడ చేతి పని తీసుకుని మురిసిన ముండలు, ఒక్క పొరపాటుకి ఇలా వెలేస్తారా, విశ్వాసం లేని మనుషులు, వీళ్ల పెళ్లిళ్లు పాడుగాను అన్నాను. ఎంత తిడితే నా గుండె అంత తేలికయ్యేది.

అక్టోబరులో ఒక రోజు ఆపా కాగితం మిల్లు వాళ్లకి ఇక పంపవద్దని కబురు పెట్టింది. ఆ మాట విన్నాక నేను ఉండలేకపోయాను. తిన్నగా కరామత్ ఖాలా ఇంటికి వెళ్లాను. ఆవిడ ముంగిట్లో టమాటాలు ఉడికించి సీసాల్లో పోస్తోంది. సలాం చెప్పి, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. దొమ్లా దగ్గరికి వెళ్లలేదని, ఖర్బూజా తిన్నానని, పద్యమని కల్పించానని, అంటించేటప్పుడు ఆపాకి పాపం ఏమీ తెలియదని.

ఖాలా గరిటె ఆపలేదు.

"తెలుసు" అంది.

"ఎప్పటి నుంచి?"

"ఆ రోజు నుంచే. దొమ్లా గారు చదివి మెచ్చుకున్నారని నాతో చెప్పింది ఎవరే? నువ్వు కాదూ? నా చేత్తో నీకు హల్వా కూడా పెట్టాను."

నాకు తల కొట్టేసినట్టయింది. భయంలో ఆ సంగతే మరిచిపోయాను. మరి అన్నీ తెలిసి ఆపాని ఎందుకు ఇలా ఏడిపిస్తున్నారని అడిగాను. ఇంకా రోషం నాకు, చూడండి.

ఖాలా అప్పుడు గరిటె పక్కన పెట్టింది.

"మస్తూరాని మేమెందుకు ఏడిపిస్తాం? ఆ గదిలోకి వస్తే ఎదురుగా నువ్వుంటావు. ఆవిడ నెత్తిన తప్పు వేసి పొలావ్ తిన్న దాని ముఖం చూస్తూ కూర్చోవడం మా వల్ల కాలేదు. దాన్ని పంపెయ్, రేపే అందరం వస్తాం అని నేనే ఆవిడని దారిలో ఆపి చెప్పాను. వింటేగా. పంపేస్తే దానికి ఇంకో చోటు లేదు, తనే నోరు విప్పి చెబుతుంది, అప్పటిదాకా మీరు రాకపోయినా పర్లేదు అంది."

నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఎనభై రోజుల పైన ఆవిడ తన పని పోగొట్టుకుని కూర్చుంది, నేను ఒక్క నిజం చెబుతానని. నేనేమో ఎదురుగా కూర్చుని ఈ వీధిలో విశ్వాసం ఉన్న మనిషే లేదని రోజూ అరిచాను. ఆవిడ పని ఆపకుండా, తల ఊపుతూ, అంతా వినేది.