ఆడపిల్లలు ఇచ్చిన ఐదు స్టార్లు

నగరి దగ్గర ఒక బడిలో నేను లెక్కల టీచర్ని. బడి ట్యాబుల్లోకి కొత్తగా వచ్చిన లెక్కల యాప్‌కి పిల్లలచేత స్టార్లు ఇప్పించమన్నారు. ఊరికే ఆగిపోతోందని మగపిల్లలు తిట్టిపోసి ఒక్కో స్టారే ఇచ్చారు. ఆడపిల్లలు మాత్రం అందరూ ఐదేసి ఇచ్చారు. మగ్గం నేసేవాళ్ల అమ్మాయి ట్యాబు నా కళ్లముందే ఆగిపోయింది. అయినా ఐదే ఇచ్చింది.

"ఎందుకమ్మా?" అన్నాను.

"బాగలేదంటే ట్యాబులు తీసకపోతారేమో మేడం. ఇంట్లో ఫోను మా అన్న ఇయ్యడు. నాకు ఈడ మాత్రమే దొరికేది."

తనిఖీకి వచ్చిన అధికారికి ఆ మాట చెప్పాను. "ఆడపిల్లలందరికీ నచ్చినాదంటే బాగున్నట్టే గదమ్మా," అని ఆయన వెళ్లిపోయారు.

యాప్‌ను ఎవరూ బాగుచేయలేదు. ఆగిపోయిన తెర ముందు ఆ అమ్మాయి ఓపిగ్గా కూర్చునేది. బాగలేదని చెప్పడానికి నన్ను మాత్రం పిలిచేది కాదు.