గుంజకు కట్టిన చీర పీలిక

మా పాళెంలో చంటిపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ గుంజకు ఒక చీర పీలిక వేలాడుతూ ఉండేది. పాత చీర అంచు చింపి, పేని, ఒక కొస గుంజకూ ఇంకో కొస పిల్ల నడుముకూ కట్టి మేం రొయ్యలు ఒలిచే షెడ్డుకు పోయేవాళ్లం. ఇళ్ల వెనకే రొయ్యల గుంటలు, ముందు కాలువ. ఎదురింటి పిల్లను గుంటలోంచి తీసినాక, ఒకరికొకరు చెప్పుకోకుండానే అందరం అలా కట్టడం మొదలుపెట్టాం. నెల్లూరు నుంచి వచ్చిన ఒక మేడం గారు అది చూసి ముక్కున వేలేసుకున్నారు. నాకు ఒళ్లు మండింది. కట్టకుండా పోయే దారేదో చెప్పి అప్పుడు వేలేసుకోవాల్సింది ఆవిడ.

నా భర్త వేటకు పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. అత్తా నేనూ ఒకే వ్యానెక్కి షెడ్డుకు పోతేనే ఇల్లు గడిచేది. ఏడాదిన్నర పాపను మధ్యమధ్యలో చూసిపోవడానికి పక్కింటి అవ్వ ఉండేది కానీ, ఆమెకు చూపు ఆనదు. అంగన్వాడీలో మూడేళ్లు నిండితేనే కూర్చోబెట్టుకుంటారు, అదీ మధ్యాహ్నం దాకానే.

అందుకే గ్రామసభ అని చెప్పిన రోజు ఆడవాళ్లం షెడ్డు మానుకుని పంచాయతీకి పోయాం. నోరున్నదాన్నని నన్ను ముందుకు నెట్టారు. మా సర్పంచికి రొయ్యల గుంటలున్నాయి.

"గుంటలో వదిలిన రొయ్య పిల్లకు రాత్రీ పగలూ కాపలా పెట్టినావు గదన్నా, మా పిల్లలకు ఒక మనిషిని పెట్టలేవా?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "మండలంలో మాట్లాడతాలేమ్మా" అన్నాడు. మాట్లాడాడు కూడా, అది కాదనను. కొన్నాళ్లకు తుఫాను షెల్టరు కింది గదిలో చాపలు పరిచి, చంటిపిల్లల్ని డబ్బులు తీసుకోకుండా చూసిపెట్టే కేంద్రం తెరిచారు. తెల్లారి వ్యాను వచ్చే వేళకే తలుపు తీసేవాళ్లు. మా పాళెం అమ్మాయినే ఆయమ్మగా పెట్టారు.

మొదటి రోజు పాపను లోపల దించి కిటికీలోంచి చూశాను. పాప గోడ దగ్గర్నుంచి కాస్త దూరం నడిచి ఆగిపోయింది. అంత గది ఖాళీగా ఉన్నా ముందుకు పోలేదు. వెనక్కి తిరిగి నడుము తడుముకుంది. ఇంట్లో పీలిక అంతవరకే వచ్చేది.

పోనుపోను గదంతా పరుగెత్తడం నేర్చుకుంది. తన చేత్తో అన్నం తినేది. ఆయమ్మ నేర్పిన పాటను వచ్చీరాని మాటలతో మా అత్తకు అప్పజెప్పేది. షెడ్డులో నా చేతులు పని మీద ఉంటే మనసు కూడా అక్కడే ఉండటం అప్పుడే నాకు తెలిసింది. పీలికను విప్పి మసిగుడ్డల్లో పడేశాను.

ఆ ఏడు వాయుగుండం వచ్చింది. షెల్టరు కింది గదిలోకి నీళ్లు చేరి చాపలూ బొమ్మలూ బియ్యమూ అన్నీ పాడయ్యాయి. గాలి తగ్గాక గదికి తాళం వేశారు. బాగు చేయించడానికి నిధులు రావాలన్నారు. సర్పంచి గుంటల గట్లు కూడా తెగాయి. వాటికి మాత్రం వాన వెలవగానే మట్టి తోలించుకున్నాడు. ఆ మనిషి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

కొన్నాళ్లు షెడ్డు మానేసి ఇంట్లో ఉన్నాను. అత్త ఒక్కదాని సంపాదనతో కుదరలేదు. మళ్లీ పోదామని క్యారియరు కట్టుకున్న రోజు పొద్దున, ఆయమ్మ మా వాకిట్లోకి వచ్చింది. పాప కేకేసి ఆమె కాళ్లను చుట్టేసుకుంది. ఆయమ్మ చేతిలోనూ క్యారియరు ఉంది.

"నేనూ షెడ్డుకే వస్తుండానక్కా. ఇంక తెరిచేట్టు లేరు" అంది. పాప తల నిమిరి, మొహం పక్కకు తిప్పుకుని పోయి వ్యానెక్కింది.

పాప వ్యాను వైపు చూసింది, నా వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లోపలికి పోయి, మసిగుడ్డలన్నీ లాగిపోసి పీలికను తెచ్చింది. గుంజకు ఆనుకుని, కట్టడానికి వీలుగా చేతులు రెండూ పైకెత్తి నిలబడింది.

కట్టాను. పాప ఎదిగింది. నడుము చుట్టూ తిప్పాక పీలిక మునుపటికంటే తక్కువే మిగిలింది.