పని లేని జట్టు

ఏలూరులో పాసింజరు ఎక్కినప్పటి నుంచీ ల్యాప్‌టాప్ ముందేసుకునే కూర్చున్నాను. పది కంప్యూటర్లకు పనులు పంచే లెక్క నా పరిశోధన. కాగితం మీద ముచ్చటగా ఉండేది. ల్యాబులో ఒక్క కంప్యూటరు ఆగిందంటే చాలు, మిగతా పనులన్నీ దాని వెనకే చిక్కుకుపోయేవి.

ఎదుటి సీట్లో ఆవిడ కొల్లేరు చెరువుల్లో చేపలు పట్టే జట్లను నడుపుతారట. నా ల్యాప్‌టాప్‌లో రంగుల గీతలు చూసి, "ఇవేంటండీ?" అన్నారు.

"ఏ కంప్యూటరు ఎప్పుడు ఏ పని చెయ్యాలో అండీ. ఒక్కటి కూడా క్షణం ఖాళీగా ఉండదు," అన్నాను, కొంచెం గొప్పగానే.

"అయ్యో! మరి మబ్బు పట్టి, గాలందక ఏ చెరువులోనైనా చేప పైకి తేలితే, చచ్చేలోపు పట్టడానికి ఎవర్ని పంపుతారండీ? మేం రోజూ ఒక జట్టుకి ఊరికే కూలిచ్చి కూర్చోబెడతామండీ."

నాకు చిరాకేసింది. ఖాళీగా ఉన్న కంప్యూటరుకు నా సమీకరణంలో జరిమానా వేసింది నేనే. ఆవిడ భీమడోలులో దిగిపోయారు. తాడేపల్లిగూడెం వచ్చేదాకా ఆ జరిమానాను కొట్టేస్తూ, మళ్లీ రాస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు నా లెక్కలో పదో కంప్యూటరుకు పని ఉండదు. "ఇదెందుకయ్యా ఖాళీగా?" అని మా గైడుగారు అడిగారు.

"మబ్బు పట్టొచ్చండీ," అన్నాను.