చాపాడు కాలవ గట్టు మీద సకీనా

ప్రొద్దుటూరు బజారులో ఫకీర్ సాహెబ్ సైకిల్ షాపు తెలియనివాళ్లు లేరు. సైకిళ్లు బాగుంటాయని మాత్రం కాదు సుమా! వాటిలో బెల్లు తప్ప అన్నీ మోగేవి. గంట బాడుగకు సైకిల్ తీసుకుందామని పోయినవాడికి ఆయన ముందు ఫ్రాన్సు కథ చెప్పేవాడు, ఆ తర్వాతే తాళంచెవి చేతికిచ్చేవాడు. తొందరపడితే కోపం వచ్చేది. "నీ గంట ఇంగా మొదులు కాలేదులేప్పా, కూచో" అనేవాడు.

పెద్ద యుద్ధంలో ఆయన పటాలంలో చేరాడు. ఆఫ్రికా ఎడారిలో జర్మనీవాళ్లకు పట్టుబడి, ఇటలీలో కొన్నాళ్లు, ఫ్రాన్సులో కొన్నాళ్లు ఖైదీగా ఉన్నాడు. ఒకరోజు విమానాలొచ్చి బాంబులేస్తే శిబిరం గోడ కూలింది. దొరికిన సందులోంచి పరుగెత్తినవాళ్లలో ఈయన ఒకడు. ఒక ముసలి రైతు ఆయన్ను గడ్డిలో దాచి, రొట్టె పెట్టి, పాత సైకిల్ ఒకటి చేతికిచ్చి, కాలవ గట్టు వెంబడి పొమ్మని సైగ చేశాడు. సరిహద్దు దాటి స్విట్జర్లాండులో పడేదాకా ఆయన తొక్కిన దారిలో చాలా భాగం ఆ గట్టేనట.

"లారీ లేదు, బస్సు లేదు, ఎద్దలబండి గూడా లేదప్పా ఆ బాటన. ఒగ పక్క నీళ్లు, రెండు పక్కలా నిట్టనిలువు చెట్లు. చైను చప్పుడు తప్ప ఇంగో చప్పుడు ఇన్పీదు. యుద్ధం జరుగుతాండాదని మర్సిపోయినా. నన్నెవుడన్నా కాలుస్తాడేమోనన్న భయం గూడా మర్సిపోయినా. ఆడోళ్లు ముందర బుట్టలో రొట్టెలు పెట్టుకొని సైకిళ్ల మీద పోతాంటారు. ఎవురూ తిరిగి సూడరు."

బాడుగకొచ్చినవాళ్లు ఈ కథ ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసేవాళ్లు. వదలకుండా విన్నది ఒక్కతే. ఆయన భార్య సకీనా.

ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో గోనెపట్టా తెర. ఆ తెర వెనక కూర్చుని పంక్చర్లన్నీ వేసేది ఆమే. ట్యూబు నీళ్లలో ముంచి బుడగ కనిపెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషన్ పూసి ముక్క అతికించడం, ఇదే పని పొద్దస్తమానం. ఆమె పుట్టింది పులివెందుల పక్క పల్లెలో. అక్కడ నీళ్లంటే బావిలోంచి తోడుకోవాల్సినవే. వానొస్తే వంకలో ఒక పూట పారి పోయేవి, అంతే. అలాంటి పిల్లకు, పక్కనే నీళ్లు పారుతూ ఉంటే వాటితోపాటు పోయే బాట ఉంటుందని చెబితే ఎలా ఉంటుంది చెప్పండి! పెళ్లయిన కొత్తలో నమ్మలేదు. నమ్మిన తర్వాత నిద్ర పట్టలేదు.

జమ్మలమడుగు ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ ఒకామె ఊరు మారుతూ తన లేడీస్ సైకిల్ అమ్మేస్తే ఫకీర్ సాహెబ్ కొన్నాడు. కొన్నాడే గానీ, ప్రొద్దుటూరులో దాన్ని బాడుగకు తీసుకునే ఆడది ఎక్కడుంది? ఆ రోజుల్లో ఆడవాళ్లు సైకిల్ తొక్కితే చూడాలంటే సర్కస్ రావాలి. పెరట్లో స్టాండు వేసి పెట్టాడు. "తుప్పు పడ్తుంది మే, అప్పుడప్పుడు పెడలు తిప్పుతాండు" అని భార్యకు చెప్పాడు. ఆమె కొన్నాళ్లు చేత్తో తిప్పింది. ఒకనాడు ఎక్కి కూర్చుని కాళ్లతో తిప్పింది. ఎదురుగా మొండిగోడ. కళ్లు మూసుకుంటే గోడ లేదు, ఆయన చెప్పిన చెట్లున్నాయి.

అప్పటినుంచి పని అయ్యాక రోజూ ఎక్కేది. ఏ మలుపు తర్వాత వంతెన వస్తుందో, ఎక్కడ బాతులుంటాయో అన్నీ ఆమెకు నోటికొచ్చు. కాళ్లు నొప్పులు పుట్టేదాకా తొక్కి, దిగి, మళ్లీ పెరట్లోనే ఉన్నానే అని ఏడుపొచ్చేది.

ఒకసారి ధైర్యం చేసి అడిగింది. "మామా, నాకు సైకిల్ నేర్పీయవా?"

ఆయన నవ్వాడు. "నీకేమన్నా పిచ్చా? ఎవురన్నా సూస్తే నా మొగం యాడ పెట్టుకోల్ల?"

"ఆడ ఆడోళ్లు తొక్కుతారంటివే."

"ఆడ వేరే, ఈడ వేరే. గమ్మునుండు."

చూశారా మహానుభావుణ్ణి! ఊరందరికీ ఫ్రాన్సు ఆడవాళ్ల గొప్పలు చెప్పే నోరే అది. పైగా ఆయనకు మాత్రం ఫ్రాన్సు ఉంది. ప్రతి శుక్రవారం తెల్లవారుజామున సైకిలెక్కి చాపాడు దగ్గర కేసీ కాలవ గట్టు మీదికి పోయేవాడు. గట్టు కాలవ ఆఫీసర్లు తిరిగే బాట. బండ్లు ఎక్కకుండా మొదట్లోనే అడ్డంగా రాతి కూసాలు పాతారు. సైకిల్ మాత్రం సందులోంచి దూరుతుంది. అక్కడ తొక్కి తొక్కి జుమ్మా నమాజు వేళకు ఇంటికొచ్చేవాడు. వచ్చినప్పుడు ఆయన ముఖం వేరుగా ఉండేది, ఎవరో పిలిస్తే అప్పుడే నిద్రలేచినట్టు. ఆ ముఖం చూస్తే సకీనాకు ఒళ్లు మండేది. మొగుడు ఇంకో ఆడదాని దగ్గరికి పోయినా ఆమె అంత కుళ్లుకునేది కాదేమో.

ఇలా ఏళ్లు గడిచాయి. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, తర్వాత ఆంధ్రప్రదేశ్ వచ్చింది, ఫకీర్ సాహెబ్‌కు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట మిగిలింది, అదొక్కటే దేవుడి దయ. షాపు ముందు కుర్చీలో కూర్చోబెడితే కూర్చునేవాడు. కథ చెప్పడం మాత్రం మానేశాడు. శుక్రవారం వస్తే అన్నం కూడా సరిగ్గా తినేవాడు కాదు.

ఒకరోజు తనే నోరు తెరిచి అడిగాడు. "ఒగసారి కాలవ కాడికి తీసకపోతావా మే? ఊరికే సూసొస్తా."

సకీనా చేతిలో ట్యూబు కింద పెట్టింది. "తీసకపోతా. పెరట్లో సైకిల్ గూడా వస్తాది."

ఆయన ఈసారి నవ్వలేదు. "నీ ఇష్టం" అన్నాడు.

శుక్రవారం వలి బాషా జట్కాలో బయలుదేరారు. సైకిల్‌ను జట్కా వెనక తాళ్లతో కట్టారు. మగవాళ్లంతా మసీదులో, కూలీలు అన్నాల దగ్గర ఉండే వేళ చూసి గట్టు చేరారు. వలి బాషా మొగుడూ పెళ్లాలను కూసాల దగ్గర దింపి తానూ నమాజుకు పోయాడు. సకీనా భర్తను తుమ్మచెట్టు నీడలో కూర్చోబెట్టి, తను ముసుగుగా కప్పుకున్న దుప్పటి మడిచి ఆయన ఒడిలో పెట్టి, సైకిలెక్కింది.

ఎక్కిన మరుక్షణం కింద పడింది.

ఇన్నేళ్లు స్టాండు మీద తొక్కిందే గానీ, స్టాండు తీస్తే సైకిల్ పక్కకు ఒరుగుతుందన్న సంగతే ఆమెకు తట్టలేదు పాపం. మళ్లీ ఎక్కింది, మళ్లీ పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. ఆయన కూర్చున్నచోటునుంచే కేకలు, "కిందికి సూడాకు మే, దూరంగా సూడు." ఆమెకు తిక్కరేగింది. "నువ్వు గమ్మునుండు మామా, పడేది నేను" అంది.

ఆ శుక్రవారం పడటంతోనే సరిపోయింది. తర్వాతి శుక్రవారం కొంచెం నిలబడింది. ఆ పైవారం పడలేదు.

పడకపోవడం ఏమిటి, సైకిల్ పోతోంది! పక్కన నీళ్లు పోతున్నాయి, ఆమె కంటే కొంచెం ముందుగా. నిట్టనిలువు చెట్లు లేవు, తుమ్మలూ వేపలూ ఉన్నాయి. బాతులు లేవు, గేదెలు మునిగి ముక్కులు మాత్రం పైకి పెట్టి చూస్తున్నాయి. చైను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అబ్బ! ఇదేనా అంది సకీనా, పైకే అంది. ఎవరున్నారు వినడానికి?

అప్పుడు ఆయన గుర్తొచ్చాడు. తిరిగి చూసింది. చెట్టు కింద తెల్లటి మచ్చలాగా కనబడుతున్నాడు. దప్పికైతే తనంతట తాను లేచి నీళ్లు తాగలేని మనిషి. కాలవ తూము దగ్గర దిగింది. తూము అవతల గట్టు మైదుకూరు వైపు అలాగే సాగిపోతోంది, మెల్లగా వంగి చెట్లలోకి పోతోంది. ఆ మలుపు తర్వాత ఏముందో చూడాలని ఆమెకు ప్రాణం లాగింది. చూసొస్తే ఏమవుతుంది? సైకిల్ పట్టుకుని నిలబడి నిలబడి, చివరికి దాన్ని వెనక్కి తిప్పింది.

ఆ పై వారాల్లోనూ అంతే. తూము దాకా పోవడం, అక్కడ దిగి మలుపు వైపు చూడటం, వెనక్కి రావడం. వారమంతా పంక్చర్లు వేస్తూ ఆ మలుపు గురించే ఆలోచన. వచ్చేవారం దాటుతాననుకునేది. వచ్చేవారం కూడా దాటేది కాదు.

ఒక శుక్రవారం అలా తిరిగొచ్చి ఆయన పక్కన కూలబడింది. ఆయన నీళ్ల వైపే చూస్తూ, "వచ్చేవారం నేను రాను మే. నువ్వొక్కదానివే రా" అన్నాడు.

"యాల? బాగలేదా ఒంట్లో?"

"నేనుంటే నువ్వు వెనక్కి తిరిగి సూస్తాండావు."

వారమంతా ఆ మనిషి దేనికోసం బతుకుతున్నాడో సకీనాకు తెలుసు. అందుకే కోపంగా అంది, "అట్లంటే నేనూ రాను. కాలవ సూడకుండా నువ్వుంటావా?"

"నేనీడ ఇన్నేండ్లు తొక్కినా గదా. ఒగసారి గూడా నిన్ను తల్సుకోలేదు మే." ఆయన కుడిచేత్తో గట్టు చూపించాడు. "ఈ బాటన అట్లే పోవల్ల. నువ్వూ అట్లే పో."

సకీనాకు ఇన్నేళ్ల ఉక్రోషమూ, ఆయన మీద ప్రేమా ఒక్కసారిగా వచ్చి ఏడ్చేసింది. తర్వాత కళ్లు తుడుచుకుని, చంక కింద చెయ్యేసి ఆయన్ను లేపి జట్కా దగ్గరికి నడిపించింది.

ఆ తర్వాతి శుక్రవారం ఒక్కతే వచ్చింది. ఆగకుండా తొక్కింది. తూము వచ్చింది, పోయింది. మలుపు తిరిగితే నీళ్లు వెడల్పుగా, బాట తిన్నగా, కనుచూపు మేర ఒక్క మనిషి లేడు. వెనక చెట్టు కింద కూడా ఎవరూ లేరని ఆమెకు తెలుసు. తెలిసీ తిరిగి చూసింది.