నికాసియా కుడి చెంప

పుకారా ఊళ్లో కుమ్మరి ఆవం కాల్చేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, నికాసియా తుర్పో ఆవంలో పెట్టిన సరుకు గురించి ఎవరూ దిగులుపడేవాళ్లు కాదు. ఎండిన బొమ్మను ఎత్తి ఆమె కుడి చెంపకు ఆనించుకునేది. చల్లగా తగిలిందంటే లోపల ఇంకా పచ్చిగా ఉన్నట్టు. పచ్చి బొమ్మ మంటలో పేలుతుంది. పేలి ఊరుకోదు, పక్కనున్నవాటిని కూడా తీసుకుపోతుంది. ఏడేళ్లప్పుడు తండ్రి నేర్పిన విద్య అది. యాభై ఏళ్లపాటు ఆ చెంప ఒక్క తప్పు చెప్పలేదు. ఐదు పేటల కుమ్మర్లు కుండలూ బొమ్మలూ మోసుకొచ్చి ఆమె గుమ్మం ముందు వరుస కట్టేవాళ్లు. ఆ గర్వం ఆవిడకు ఉండేది. ఉండకేం మరి.

రెండేళ్ల కిందట పాడుగాలి కొట్టింది. మూతి ఎడమవైపుకి వంకరపోయింది. నెల తిరిగేసరికి మూతి సర్దుకుంది గానీ చెంప చెక్కలా ఉండిపోయింది. మంచుగడ్డ రుద్దినా, వేడి గిన్నె ఆనించినా దానికి ఒకటే. ఎడమ చెంపకు ఏ లోటూ లేదు. కానీ ఎడమ చెంపకు ఆనించుకుంటే చూసినవాళ్లు ఊరుకుంటారా? పొద్దు వాలేలోగా ఊరంతా చెప్పుకుంటుంది. అందుకని జనం ముందు కుడి చెంపతో చూసినట్టు నటించేది, వాళ్లు వెళ్లాక తలుపు వేసుకుని ఎడమ చెంపతో మళ్లీ చూసేది. తన ఇంట్లో తనే దొంగలా బతికింది.

ఒక్కసారి మాత్రం మళ్లీ చూడలేదు. పోయిన ఆగస్టులో, కుమ్మరి బసిలియా సరుకు. ఆ రోజు ఇంటినిండా మనుషులు, ఒక్కరూ కదల్లేదు. ఆవంలో సగం పేలిపోయింది. బసిలియా పెంకులు ఏరుకుంటూ ఏడుస్తుంటే నికాసియా అందరి ముందూ అనేసింది, నీ మట్టిలో ఇసుక ఎక్కువ, నన్నేం చెయ్యమంటావని. ఆ మాటే ఆదివారం సంతలోనూ అంది. బసిలియా దగ్గర కొనేవాళ్లు సగానికి సగం తగ్గిపోయారు.

ఇప్పుడు జూన్ నెల. బడిలో ఆరు గదులకు కొత్త కప్పులు వేశారు, శనివారం కప్పుల పండుగ. ఒక్కో కప్పు మీద మట్టి ఎద్దుల జత నిలబడాలి. అవి లేని కప్పు కింద పుకారాలో ఎవరికీ నిద్రపట్టదు, చదువెలా అబ్బుతుంది? అంగట్లో కొనేస్తే పోయేది, కానీ ఎల్మెర్ మాస్టారు ఆరో తరగతి పిల్లలే చెయ్యాలని పట్టుబట్టాడు. ఇరవై నాలుగు మంది కలిసి పన్నెండు ఎద్దులు. పొట్టలు చేసేవాళ్లు కొందరు, కొమ్ములు చేసేవాళ్లు కొందరు, తోకను వీపు మీదికి మడిచి అతికేవాళ్లు కొందరు, మెడ మీద పూలూ ఒంటి మీద సుళ్లూ దిద్దేవాళ్లు కొందరు. మీ పొట్టలు చూసి మా కొమ్ములు సిగ్గుపడుతున్నాయని కొమ్ములవాళ్లు ఏడిపించారు. మూడు వారాలు ఇదే గోల. చివరికి ఏ ఎద్దు ఎవరిదో చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

గురువారం పొద్దున ఎద్దుల్ని గడ్డిలో పొదిగి నికాసియా పెరట్లోకి మోసుకొచ్చారు. ఆ వారమంతా మంచు విపరీతంగా కురిసింది, ఎండ పేరుకే ఎండ. మధ్యాహ్నం గాలి లేస్తే ఆవం అదుపులో ఉండదు, ఆలోగా అంటించాలి. ఇవాళ కాకపోతే శనివారానికి అందవని మాస్టారు ముందే చెప్పాడు.

వెనక నుంచి పిడకలు తెమ్మని నికాసియా పిల్లల్ని తరమబోయింది. సగం మంది వెళ్లారు, సగం మంది ఆమె చెంప చూడటానికి కూర్చుండిపోయారు. మాస్టారు ఫోను పట్టుకుని ఫొటోలకు సిద్ధంగా నిలబడ్డాడు. ఇంక దారి లేదు. ఒక్కో ఎద్దునూ కుడి చెంపకు ఆనించి, "ఊఁ" అని దించుతూ పోయింది.

తొమ్మిదో ఎద్దును దించగానే యానెత్ అనే పిల్ల దాన్ని ముద్దుగా ఎత్తుకుని తన చెంపకు ఆనించుకుంది. ఆ పిల్ల బసిలియా కూతురు.

"అవ్వా, ఇది చల్లగా ఉంది."

నికాసియాకు గుండె జారిపోయింది. నోరు మాత్రం జారలేదు, అలవాటైన నోరు అది. "నీకు పదకొండేళ్లు, నా చెంపకు యాభై ఏళ్లు. పోయి మీ ఇంటి మట్టి సంగతి చూసుకో."

పిల్లలు ఘొల్లుమన్నారు. యానెత్ ముఖం చిన్నబోయింది. అప్పుడే పెరటి తలుపు తోసుకుని సూపు కుండతో బసిలియా వచ్చింది. ఆ రోజు పిల్లల భోజనం వంతు ఆమెది. మాట చెవిన పడిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. కుండ దించి గరిటె చేతిలోకి తీసుకుంది.

ఎద్దుల్ని ఆవంలో పేర్చి, పైన పెంకులు కప్పి, కింద గడ్డీ పిడకలూ కూరారు. నికాసియా అగ్గిపెట్టె పట్టుకుని కూర్చుంది. నిజం చెప్తే ఆగస్టు కూడా బయటపడుతుంది. తన పేరు, ఆవం, గుమ్మం ముందు వరుస, అన్నీ పోతాయి. చెప్పకపోతే ఎద్దులు పేలతాయేమో. పేలితే పొట్టలు మందంగా చేశారని పిల్లల మీదికి తోసెయ్యొచ్చు, ఎవరైనా నమ్ముతారు. సాకు అంత చులాగ్గా దొరికేసరికి ఆమెకే అసహ్యం వేసింది. వేసినా అగ్గిపుల్ల గీసింది.

గడ్డి అంటుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. యానెత్ కొట్టలేదు. ఒక పక్కన నిలబడి అరచేత్తో తన చెంప రుద్దుకుంటోంది. మళ్లీ మళ్లీ రుద్దుకుంటోంది, తప్పు తన చెంపదే అన్నట్టు.

అది చూడలేకపోయింది నికాసియా. తల్లి మట్టికి చెడ్డపేరు తెచ్చింది చాలక పిల్ల చెంపను కూడా పాడుచేస్తున్నాను అనుకుంది. కర్ర అందుకుని మండుతున్న గడ్డినీ పిడకల్నీ బయటికి లాగి తొక్కేసింది. చొక్కా చెయ్యి కమిలింది. పిల్లలు బెదిరిపోయి వెనక్కి జరిగారు. ఏమైందమ్మా అంటూ మాస్టారు పరిగెత్తుకొచ్చాడు.

"నా చెంప చచ్చిపోయింది మాస్టారూ. రెండేళ్లయింది. ఆ పిల్ల చెప్పిందే నిజం."

బసిలియా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "రెండేళ్లా? మరి ఆగస్టులో?"

"నీ మట్టిలో ఏ లోపమూ లేదు. నేనే సరిగ్గా చూడలేదు."

కొడుతుందనుకుంది నికాసియా. కొడితే బాగుండుననే అనుకుంది. బసిలియా గరిటె కుండలో పడేసి, ఆవం పైన పెంకులు తీసి, ఒక్కో ఎద్దునూ కూతురికి అందించింది. యానెత్ చెంపకు ఆనించుకుని చెప్తుంటే తల్లి మళ్లీ తన చెంపతో సరిచూసింది. పన్నెండింట్లో ఐదు పచ్చి. ఆ ఐదింటికీ "ఊఁ" కొట్టిన మనిషి గోడవారగా కూర్చుని వింటూ ఉంది.

అప్పటికే గాలి లేచింది. పిల్లలు దుప్పట్లు పట్టుకుని ఆవం చుట్టూ గోడలా నిలబడితే మిగిలిన ఏడింటినీ కాల్చారు. ఒక్కటీ పేలలేదు. శనివారం మూడు కప్పులకే ఎద్దులు ఎక్కుతాయి, మిగతా మూడూ పచ్చివి ఎండేదాకా ఆగాలి. ఆగుతాయిలే అన్నాడు మాస్టారు.

పిల్లలు సూపు తాగి వెళ్లాక బసిలియా ఖాళీ కుండ ఎత్తుకుని నికాసియా ముందుకొచ్చి నిలబడింది.

"ఇక్కడ చెప్తే సరిపోదు. నన్ను సంతలో అన్నావు. సంతలోనే చెప్పు."

ఆదివారం నికాసియా సంతకు వెళ్లింది. ఉన్ని అమ్మేవాళ్లు సైతం తలలు తిప్పేంత గట్టిగా చెప్పింది, చెంప సంగతీ, ఆగస్టు సంగతీ. కొందరు ముక్కున వేలేసుకున్నారు. ఇకమీదట సరుకు వేరే ఆవానికి తీసుకెళ్తామని ఇద్దరు అక్కడికక్కడే చెప్పేశారు. నికాసియా అక్కడి నుంచి కదల్లేదు. బసిలియా తల కూడా ఎత్తలేదు, గడ్డి పరిచి కుండలు సర్దుకుంటోంది.

ఇంతలో పొరుగూరి మనిషి ఒకడు బసిలియా కుండ ఒకటి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, మట్టి మంచిదేనా అని అడిగాడు.

బసిలియా సర్దడం ఆపకుండానే గడ్డంతో నికాసియా వైపు చూపించింది. "ఆవిడనడుగు."

అతను కుండ పట్టుకుని వచ్చాడు. నికాసియా దాన్ని రెండు చేతులా అందుకుని, వేలి కణుపుతో కొట్టి విని, తిరిగి ఇచ్చింది.

"మంచి మట్టి," అంది. "ఇసుక లేదు. తీసుకో."