దబ్ రంగు మారిన ఉదయం

జలంధర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. గల్ఫ్‌లో, అల్ రయ్యాన్‌లోని కార్మికుల క్యాంప్‌లో ఉంటూ క్రేన్ నడిపేవాడు. శుక్రవారం సెలవు రాగానే పాత కెమెరా మెడలో వేసుకుని ఎడారికి బయలుదేరేవాడు. అదే క్యాంప్‌లో ఉండే నిజామాబాద్ బుర్హానుద్దీన్ అతన్ని పికప్‌లో దింపేవాడు.

అక్కడ దబ్ అనే పెద్ద బల్లి ఉంటుంది. ఉడుమంత ఒళ్లు, తోక నిండా ముళ్లు. పొద్దున్నే నల్లగా, మొద్దులా కన్నం ముందు పడి ఉంటుంది. ఎండ తగిలేకొద్దీ పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ మార్పంతా వరసగా ఫోటోలు తీయాలని జలంధర్ కోరిక. కానీ అతను కదిలితే చాలు, అది కన్నంలో దూరేది. మూడు నెలలు ఇదే తంతు.

ఏప్రిల్ నెలాఖరున అది నాలుగడుగులు ఇవతలికి రాగానే, కన్నం వెనకే పొంచి ఉన్న అతను పెద్ద రాయి అడ్డం దొర్లించాడు. దబ్ కన్నంలోకి పోలేక రాయి పక్కనే ఆగింది. కోరుకున్న ఫోటోలన్నీ దొరికాయి. అంతలో బుర్హానుద్దీన్ హారన్ కొట్టాడు.

"యల్లా భాయ్, జల్ది రా! ఫోర్‌మన్ ఫోన్ చేసిండు, అర్జెంట్ డ్యూటీ అంట!"

జలంధర్ పరుగెత్తాడు. సాయంత్రం గదిలో ఫోటోలు చూసుకుంటుంటే రాయి గుర్తొచ్చింది. మధ్యాహ్నపు ఎండకు దబ్‌కు ఆ కన్నమే నీడ.

"బండి తీస్తవా? రాయి తియ్యకుంటనే వచ్చిన," అన్నాడు బుర్హానుద్దీన్‌తో.

"గిప్పుడా? ఇంకో బొక్క ఎతుక్కుంటది తియ్."

ఇంకోసారి అడిగితే బుర్హానుద్దీన్ కాదనేవాడు కాదు. జలంధర్ అడగలేదు. ఒళ్లు అలసిపోయి ఉంది.

మరుసటి శుక్రవారం వెళ్లేసరికి దబ్ రాయి పక్కనే చచ్చి ఎండిపోయి ఉంది. రాయి చుట్టూ ఇసుకలో గోళ్ల గీతలు.

అప్పటికే అతను పంపిన ఆ ఫోటోలు అల్ తుమామాలో తెలుగువాళ్లు పెట్టే ఫోటో ప్రదర్శనకు ఎంపికయ్యాయి. నిర్వాహకురాలు అనంతలక్ష్మికి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు.

"నా ఫోటోలు తీసెయ్యుండ్రి మేడమ్."

"మీరు కావాలని చంపలేదు కదండీ."

"యాదికొచ్చినంక గూడ పోలే మేడమ్."

"అయితే ఆ మాటే ఫోటోల కింద రాద్దామా? చూసేవాళ్లు ఇలా చేయకుండా ఉంటారు."

రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు.

ప్రదర్శనలో ఒక పెద్దాయన అది చదివి, "ఇంత పాడుపని చేసి ఫోటో ఒకటా!" అని ముఖం మీదే అన్నాడు.

"తప్పే సార్," అన్నాడు జలంధర్.

తెలుగు చదవడం రాని బుర్హానుద్దీన్ అతని పక్కనే ఉన్నాడు. "ఏం రాసిండ్రు?" అని అడిగి చదివించుకున్నాడు. విన్నాక తల దించుకున్నాడు.

"వద్దన్నది నేను గదా. నా పేరెందుకు పెట్టలే?"

"నువ్వు వద్దంటె ఆగింది నేనే గదా భాయ్."

ఇద్దరూ హాలు మూసేదాకా అక్కడే నిలబడ్డారు. అడిగినవాళ్లందరికీ జలంధర్ జరిగింది మొదటి నుంచీ చెప్పాడు.